ఒక అడుగు రాడ్డు, పద్దెనిమిది అడుగుల కప్పు

కార్ఖానా, సికింద్రాబాద్
20 మే 1997, మంగళవారం, మధ్యాహ్నం 2.10

పురాతన గృహాల సంరక్షణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా హాలులోని సీలింగు ఫ్యానుకు ఎనిమిది అడుగుల రాడ్డు అమర్చుకొనుటకు అనుమతి గురించి.

సూచిక: ఈ నెల 12న నేను పెట్టుకున్న దరఖాస్తు, దాన్ని తిరస్కరిస్తూ 19న తమరు రాసిన లేఖ.

తమరి లేఖ ఈ ఉదయం పది గంటలకు అందింది. అంతకు అరగంట ముందే డాక్టరు డోరాగారు మా మనవరాలి కాలు చూసి వెళ్లారు. ఈ రెండూ ఒకే పూట జరిగినందువల్ల రేపటిదాకా ఆగకుండా ఇప్పుడే రాస్తున్నాను.

1. మనవరాలి పేరు మేబెల్, వయసు పదేళ్లు. ఈ నెల 8న లాలాగూడ గేటు దగ్గర సైకిల్ మీంచి పడి కుడి తొడ ఎముక విరిగింది. కాలికి పట్టీలు చుట్టి, మంచం చివర ఇసుక సంచి వేలాడదీసి, ఆ బరువుతో ఎముకను లాగి ఉంచారు. జూన్ 19 వరకు అలాగే వెల్లకిలా పడుకోవాలి. చట్రంతో కలిపి మంచం వెడల్పు మూడడుగుల ఎనిమిది అంగుళాలు, మా తలుపుల వెడల్పు మూడడుగుల నాలుగు. కనుక మంచాన్ని హాలులోనే బిగించారు. అది అక్కడి నుంచి కదలదు.

2. హాలు కప్పు ఎత్తు పద్దెనిమిది అడుగులు. ఫ్యాను పెట్టెలో వచ్చిన ఒక అడుగు రాడ్డుతోనే 1961 నుంచి వేలాడుతోంది. పగలంతా వరండాలో ఉండేవాళ్లం గనుక దాని గాలి మాకెప్పుడూ అవసరపడలేదు. ఇప్పుడు పరీక్షించాను. కర్రకు నూలుపోగు కట్టి ఎత్తితే పన్నెండు అడుగుల దగ్గర పోగు ఊగుతోంది. ఎనిమిది అడుగుల దగ్గర ఊగీ ఊగనట్టుంది. పిల్ల ముఖం దగ్గర కదలనే కదలదు. వెంటిలేటర్లలో కాపురమున్న పావురాలు మాత్రం సుఖంగా ఉన్నాయి.

3. నిన్న మధ్యాహ్నం రెండు గంటలకు మంచం దగ్గర వేడి నలభై డిగ్రీలు. ఈ రోజు అదే వేళకు నలభైన్నర.

4. ఈ నెల 15న తమ ఇన్‌స్పెక్టరు నరసరాజుగారు వచ్చారు. మర్యాదస్తులు, మంచినీళ్లు రెండు గ్లాసులు తాగారు. నిలబడే ఫ్యాను పెట్టుకోమని సలహా ఇచ్చారు. అది వారు రాకముందే తెచ్చి పెట్టాం. ఆ గాలికి ఇసుక సంచి ఊగింది, సంచి ఊగినప్పుడల్లా పిల్ల కేక వేసింది. పది నిమిషాల్లో డాక్టరుగారే దాన్ని తీయించేశారు. అప్పటి నుంచి మా కోడలు దేవకృప విసనకర్రతో విసురుతోంది, తను అలిసినప్పుడు నేను.

ఇక్కడ రాత ఆపి వెళ్లవలసి వచ్చింది. పిల్లకు తడిగుడ్డ మార్చి వచ్చాను.

5. నరసరాజుగారు నిచ్చెన ఎక్కలేదు, కప్పు వైపు చూడలేదు. సంచిలోంచి మా ఇంటి వస్తువుల జాబితా తీసి చదివారు. "అమ్మా, ఏడో అంశం మీరే రాశారు కదండీ. 'హాలు: పాత పంకా కొక్కేలు ఆరు. ఫ్యాను ఒకటి, మూడో కొక్కేనికి. రాడ్డు పొడవు ఒక అడుగు.' జాబితాలో ఉన్నది ఉన్నట్టే ఉండాలండీ."

"మా పక్కింటి కామరాజుగారు నిరుడు అన్ని గదుల్లోనూ పొడుగు రాడ్లు వేయించుకున్నారు కదా!" అన్నాను.

"ఆయన 'ఫ్యాన్లు ఉన్నవి' అని రాసి ఊరుకున్నారండీ. మీరూ అలా రాసుంటే ఈ గొడవే లేదు."

"కొలవకుండా ఎలా రాస్తామండీ?"

"కొలవమని ఎవరడిగారండీ?" అన్నారాయన.

మంచం మీంచి మేబెల్ అందుకుంది. "మామ్మా, ఇంకోసారి ఫారం వస్తే నాకివ్వు, నేను నింపుతాను. నాకు కొలతలు రావు."

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

6. కావున నా తప్పు నేనే మనవి చేసుకుంటున్నాను. 1995 అక్టోబరులో తమ కార్యాలయం ఫారం పంపినప్పుడు మూడు రోజులు కూర్చుని ఈ ఇంటిని అంగుళాలతో సహా రాసి ఇచ్చింది నేనే. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పాను. 'కొన్ని', 'సుమారు' అని రాసిన పిల్లలకు మార్కులు వేయలేదు. బజారులో దొరికే ఇనుప గొట్టాన్ని కూడా పురాతన వస్తువుల వరుసలో చేర్చానని అప్పుడు తట్టలేదు.

7. కోరుతున్నది చాలా స్వల్పం. కొక్కెం మారదు. దూలంలోకి మేకు దిగదు. గోడ సున్నం రాలదు. మారేది రాడ్డు ఒక్కటే.

8. ఈ ఉదయం డాక్టరుగారు చూసినప్పుడు పట్టీ కింద, మడమకు పైన, రూపాయి బిళ్లంత మేర చర్మం ఎర్రబడి నానిపోయి ఉంది. చెమటవల్లనే అన్నారు. నన్ను వరండాలోకి పిలిచి చెప్పారు: "శుక్రవారం తొమ్మిదింటికి వస్తానండీ. ఈలోగా చర్మం చిట్లితే పట్టీలు విప్పెయ్యాల్సిందే. విప్పితే ఎముక ముక్కలు ఒకదాని మీదొకటి ఎక్కి అతుక్కుంటాయి. కాలు పొట్టిదవుతుంది."

ఎంత పొట్టి అని అడిగాను. "అంగుళం కావచ్చు, ఇంకా ఎక్కువ కావచ్చు. ఇప్పుడే చెప్పలేనండీ" అన్నారు. అయ్యా, లోపలికి వచ్చి స్కేలు తీసుకుని ఒక అంగుళం ఎంతో చూశాను. అంతకాలం పాఠం చెప్పిన మనిషినే, ఎందుకు చూశానో నాకే తెలియదు. పిల్ల మాత్రం సైకిల్ బాగు చేయించారా అని అడుగుతోంది.

ఇక జరగవలసినవి ఇవి:

1. ఏడో అంశంలో 'రాడ్డు పొడవు ఒక అడుగు' అన్న మాటలు కొట్టివేసి, గురువారం సాయంత్రం ఐదు లోపల అనుమతి ఇప్పించాలి. రాసింది నేనే గనుక కొట్టివేత పక్కన నేను వచ్చి సంతకం చేస్తాను.

2. కాగితం వచ్చినా రాకపోయినా శుక్రవారం ఉదయం ఎనిమిదికి ఎలక్ట్రీషియన్ నబీ నిచ్చెన వేస్తాడు. డాక్టరుగారు గుమ్మంలోకి వచ్చేసరికి ఫ్యాను పిల్ల మీద తిరుగుతుండాలి.

3. తీసిన రాడ్డును నూనె రాసి, గుడ్డ చుట్టి బీరువాలో పెడతాను. జూన్ 19 తరువాత తమరు కోరితే మళ్లీ అదే కొక్కేనికి వేయిస్తాను.

4. నోటీసు ఇవ్వదలిస్తే నా ఒక్కదాని పేరనే ఇవ్వాలి. నబీ పేర ఇవ్వరాదు. మొన్న అతను చెప్పింది ఇది: "పని అరగంటదే అమ్మా. గని గీ ఇండ్ల మీద కాగితం లేకుండ చెయ్యి పెడితే లైసెన్సు తీస్కుంటరు. నన్ను పరేషాన్ల పెట్టకండి." ఈ రోజు పదకొండు గంటలకు అతనికి కబురు పంపాను, అనుమతి వచ్చిందని. నా మాట మీద నమ్మకంతో కాగితం కూడా చూడనన్నాడట. నేను చెప్పింది అబద్ధం. ఇంతవరకు ఎవరికీ ఇలా చెప్పి ఎరుగను. గురువారం లోపల దాన్ని నిజం చేయడం తమ చేతిలో ఉంది.

చిత్తగించి వెంటనే కదలవలెనని వేడుకుంటూ,

శుక్రవారం ఉదయం ఎనిమిది గంటల వరకు తమ విధేయురాలు,

ప్రేమమణి జకర్యా
(విశ్రాంత ప్రధానోపాధ్యాయిని)