ముప్పై ఒకటో నంబరు ఇల్లు ఖాళీ కాదు

పురపాలక కమిషనరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మిల్లు వెనుక వీధిలోని ముప్పై ఒకటో నంబరు ఇంటిని ఖాళీ ఇళ్ల జాబితా నుండి తొలగించుట గురించి, మరియు నేను ఊడబీకిన మేకుల గురించి.

నేను తమ కార్యాలయపు కాంట్రాక్టు వడ్రంగిని. మిల్లు మూతబడి, జనం పనులు వెతుక్కుంటూ వెళ్లిపోయిన ఇళ్లకు తలుపులమీదా కిటికీలమీదా చెక్కలు అడ్డంగా కొట్టుట నా పని. సదరు వీధిలో నలభై ఇళ్లకు గాను ముప్పై తొమ్మిదింటికి నేనే కొట్టియున్నాను. కొన్ని ఇళ్లకు నేను చేసిన తలుపులే ఉన్నవి. వాటిమీదా కొట్టితిని.

1. గత సోమవారం ఇచ్చిన జాబితాలో ముప్పై ఒకటో నంబరు కలదు. అందులో మా వదిన, అనగా నా భార్యకు సొంత అక్క, కుట్టుపని చేసుకొని జీవించుచున్నది. తమ గుమాస్తా సర్వేకు వచ్చిన రోజున ఆవిడ నర్సుల యూనిఫారాలు ఇచ్చి రావడానికి ఆసుపత్రికి వెళ్లినది. ఆయన తాళం చూసి "ఖాళీ" అని రాసుకున్నారు. ఖాళీ ఇళ్లకు నెలాఖరున నీళ్లూ కరెంటూ ఆపెదరు.

2. నేను సుత్తి పట్టుకొని వెళ్లగా ఆవిడ మిషను ఆపకుండానే, "ముందు వెనక కిటికీకి కొట్టు మరిదీ, అటునించి ఈదురుగాలి కొడుతోంది" అన్నది. కాసేపటికి, "నన్ను లోపలుంచే కొడతావా, బయటికి రమ్మంటావా? ఈ చొక్కా చెయ్యి అతకడం అయ్యేదాకా ఆగు" అన్నది. కొట్టకుండా తిరిగి వచ్చితిని. నా ఉద్యోగంలో ఇది మొదటిసారి.

3. గుమాస్తాగారిని కలువగా, "మనిషి ఉన్నట్టు ఇరుగూ పొరుగూ రెండు వేర్వేరు కుటుంబాల వాళ్లు సంతకం పెట్టాలి" అన్నారు.

"ఇరుగూ పొరుగూ లేరండీ. మీరే కదా ఖాళీ అని రాశారు" అంటిని.

"అయితే రూలు ప్రకారం ఆవిడా లేనట్టే" అన్నారు.

4. పోనీ ఊరు మారదామని వదినకు చెప్పి చూచితిని. "ఆ ఆసుపత్రిలో ఎవరి భుజం ఎంతో నాకు టేపు లేకుండా తెలుసు. కొత్త ఊళ్లో నన్ను నమ్మి గుడ్డ ఎవరిస్తారు?" అన్నది.

5. అందుచేత బుధవారం నాడు అటూ ఇటూ ఇళ్ల మేకులు నేనే ఊడబీకితిని. అందులో ఉంటామని యజమానులకు ఫోను చేసితిని. ఒకరు, "ఉండండి, ఇంట్లో దీపమైనా వెలుగుతుంది" అన్నారు. రెండోవారు, "పెరటి తలుపు ఇంకా కిర్రుమంటోందా?" అని అడిగారు. కిర్రుమనుచున్నది.

బజారులోని అద్దె ఇల్లు వదిలి, ముప్పయ్యో నంబరులో నేను, ముప్పై రెండులో నా భార్య ప్రవేశించితిమి. కుటుంబాలు వేర్వేరు కావలెను గనుక, ఇరవై రెండేళ్ల కాపురంలో మొదటిసారి వేరు కాపురం పెట్టితిమి. వదిన ఇంటి మీదుగా నేను పిలిస్తే నా భార్య, "పొరుగువాళ్లతో ఇంత చనువు పనికిరాదు" అనుచున్నది. అన్నం మాత్రం పంపుచున్నది.

కావున మా ఇద్దరి సంతకాలు స్వీకరించి వదినకు నీళ్లూ కరెంటూ ఉంచవలెనని ప్రార్థన. మేకులు తీయుట నేరమైనచో నోటీసు ముప్పయ్యో నంబరుకే పంపవలెను. తమ ముద్ర గల కాగితం ఆ చిరునామాకు వచ్చినచో, నేను అక్కడ ఉన్నట్టు తమరే ఒప్పుకొన్నట్టగును.

మా మూడిళ్ల మొర దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కాంట్రాక్టు వడ్రంగి,
నంబరు ముప్పై (ప్రస్తుతం)

తా.క. కవరు అంటించబోతుండగా మిల్లు పాత ఫోర్‌మన్ రెండు పెట్టెలతో ఆటో దిగాడు. పదిహేడో నంబరు ఆయనది. వెళ్లిన చోటా పని లేదట. "మూడిళ్లలో దీపాలు కనిపిస్తే అందరూ వచ్చేశారేమో అనుకున్నాను" అన్నాడు. పదిహేడుకు నేనే కొట్టాను, గట్టిగా కొట్టాను. తమ ఉత్తర్వు లేకుండా తీయకూడదని ఆయనకు వివరంగా చెప్పాను. సరేనని పెట్టెమీద కూర్చున్నాడు. వాన మొదలైంది. తీస్తున్నాను.