మద్దిలేటి మోకాలు

తమ్ముడు చిన్నయ్యకు,

నువ్వు పోయి రేపటికి ఏడాది. కర్నూలు రాజధాని అయ్యాక అక్కడి చెడుగుడు పోటీకి మన ఊరిని మొదటిసారి పిలిచారు. కూతకు వచ్చినవాడి కాళ్లు పట్టి ఆపడానికి నీ చోట ఇంకా ఎవరూ కుదరలేదు.

మన ఓబులేసును తమకిస్తే మద్దిలేటిని మనకిస్తామని నందికొట్కూరు జట్టువాళ్లు కబురు పంపారు. ఓబులేసుకు ఇరవై ఏళ్లు, కూతలో వాడికి ఎదురులేదు. మద్దిలేటి పట్టులో పేరున్నవాడే గానీ నలభై దాటాయి. అంతటివాణ్ణి వాళ్లెందుకు వదులుకుంటారు? తేల్చే పని మనవాళ్లు నాకే అప్పగించారు.

ఈ సాయంత్రం అతణ్ణి పిలిపించాను. మోకాలికి గుడ్డకట్టు ఉంది.

"మోకాలికేమైందప్పా?" అన్నాను.

"ఎద్దును కొంటాండావా? పండ్లు కూడా సూడు" అని నోరు తెరిచాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

అతని పట్టు చూడడానికి పెట్టిన ఆటకు ముందు అతను బరిలో మెల్లగా తిరగసాగాడు. కుంటు దాచుకుంటున్నాడేమోనని దగ్గరికి వెళ్లి చూశాను. కాలివేళ్లతో గులకరాళ్లు తీసి గీత అవతల వేస్తున్నాడు.

"ఎందుకప్పా?"

"నేను పడేసేవాని వీపు సీరుకోగూడదు గదా."

నువ్వు పోయాక ఆ రాళ్లు ఎవరూ ఏరలేదు.

తర్వాత ఆటలో ఇద్దరిని పట్టాడు, ముగ్గురిని వదిలాడు. మోకాలి మీద నా అనుమానం తీరలేదు. అయినా ఓబులేసును ఇస్తామని చెప్పి పంపాను. ఆటగాణ్ణి చూసి ఒప్పుకున్నానో, నువ్వు చేసే పని చూసి మోసపోయానో తెలియదు. రేపు కర్నూలు పోటీలో అతను నీ చోట నిలబడతాడు.

నీ అన్న