నిమ్మబుట్టలోని బూజు

కోడలికి, డెబ్భై ఎనిమిదేళ్ల నీ అత్త, నీ కూతురింట్లో కులాసాగా ఉండి చెప్పి రాయించేది.

నీ కూతురు రొయ్య పెంకుల్లోంచి పొడుగాటి చక్కెర గొలుసేదో తీసింది. దానికి ప్లస్ ఛార్జి ఉందట. బూజు కణాల పొరకు అతుక్కుని తూట్లు పొడిస్తే లోపలి రసమంతా కారిపోయి బూజు చస్తుందట. ల్యాబు ఫ్రిజ్ పాడైందని ఇంటికి తెచ్చిన, బూజు పెంచే పళ్లాలను, పాసిపోయాయనుకుని నేను శుభ్రంగా తోమేశాను.

"నా మందు చంపాల్సినదాన్ని నువ్వు సబ్బుతో చంపావు కదే, నాయనమ్మా!" అని ఏడ్చి, మూడు రోజులుగా నాతో మాట మానేసింది. వారంలో ల్యాబులో ఆ మందును బూజు మీద పరీక్ష చేసి చూపించాలి.

ఆ బూజు మొదట నీ నిమ్మకాయల బుట్టలోదేనట. బుట్ట కడగవని ఇన్నేళ్లూ తిట్టిన నోటితోనే అడుగుతున్నాను, ఈ ఒక్కసారికి కడగకు. బాగా బూజుపట్టిన కాయొకటి డబ్బాలో పెట్టి వెంటనే పంపు. అబ్బాయికి మోకాలి నొప్పి తగ్గిందా? నూరేళ్లు చల్లగా ఉండు. నీ శుభ్రం సంగతి పరీక్షయ్యాక మాట్లాడతాను.

ఇది నా వేలిముద్ర. సాక్షులు: రాసిపెట్టిన పక్కింటి దర్జీ, ఇది విని ఇప్పుడే ఫక్కున నవ్విన నీ కూతురు.