అత్త కోపానికి వైద్యం

ఆర్యపల్లి,
మంగళవారం

అమ్మా నూకరత్నం,

నువ్వూ, మీ అమ్మా కులాసా అనుకుంతన్నాను. ఫోనులో మాటాడితే నా గొంతు లేసిపోతాదని భయమేసి ఈ ఉత్తరం రాస్తన్నాను.

ఆ రోజు కూర మాడిందని నీ మీదకి గిన్నె ఇసిరాను. అది గోడకే తగిలింది గానీ, నువ్వు తెల్లారేసరికి పొడంపేట మీ అమ్మ దగ్గరికి ఎల్లిపోయావు. తప్పు నాదేనమ్మా.

ఎవులికీ సెప్పకుండా బరంపురం ఆస్పత్రికి ఎల్లాను. డాక్టరు బీపీ సూసి మాత్రలు రాయబోయాడు. "బాబూ, నా రోగం బీపీ కాదు, కోపం" అన్నాను. ఆయన నవ్వి, మాటలతో వైద్యం సేసే డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. ఒడియా పిల్ల. సేపల బేరంలో నేర్సిన ఒడియాతోనే నా గోడు సెప్పుకున్నాను.

"మావుసీ, కోపం ఒచ్చే ముందు నీకేటవుతాది?" అని సొంత పిన్నిని పిలిసినట్టు పిలిసి అడిగింది.

అరవయ్యేళ్లలో నన్నెవులూ అడగలేదు. "భయమేస్తాదమ్మా" అన్నాను. మీ మావ సంద్రం మీదకి సేపల ఏటకెల్లి తిరిగి రాని కాన్నుంచి, ఇంట్లో ఏ సిన్న తేడా జరిగినా గుండె దడదడలాడతాది. అక్కడే బోరుమని ఏడిసాను.

మూడుసార్లు ఎల్లొచ్చాను. నిన్న మీ ఆయన ఎండుసేపల్ని వానలో వదిలీసాడు. నేను కిక్కురుమనకుండా బయటికెల్లి కూకున్నాను. వాడు హడిలిపోయి "అమ్మా, జొరమొచ్చిందేటి?" అని నుదురు పట్టి సూసాడు.

అప్పుడే ఇంటికి రావద్దు, తల్లీ. నా మీద నాకే ఇంకా నమ్మకం సాలదు. శుక్రవారం డాక్టరమ్మ దగ్గరికి మాత్రం రా. నన్ను అనాలనుకున్నవన్నీ ఆవిడ ముందు అనీయ్. నేను నీ పక్కనే కూకుని ఇంటాను.

మీ అత్త