కాటా మనిషి బరువు

సోమవారం, పొద్దున.

ఈ రోజు నుంచి రాస్తున్నాను. నాకు రాత పెద్దగా రాదు. మూడో తరగతితో సరి. అంకెలు మాత్రం ముత్యాల్లా వేస్తాను. లారీ కాటా దగ్గర పనిచేసినన్నాళ్లూ అంకెలే వేశాను.

రాయమన్నది ఆస్పత్రి నర్సమ్మ. నా కుడి మోకాలు పోయింది. కొత్తది వేయాలి. వేయాలంటే డాక్టరుకి నా బరువు నచ్చలేదు.

"ఐదు కిలోలు తగ్గి రండి పెద్దాయనా. నెల రోజులకి చూస్తాను. తగ్గితే వెంటనే ఆపరేషన్. లేకపోతే మళ్లీ ఎండాకాలం దాటాకే" అన్నాడు.

మొన్న మొన్న గడ్డం వచ్చిన పిల్లవాడు. అయినా తల ఊపాను. ఎందుకంటే మాది మేడ మీద ఇల్లు, లిఫ్టు లేదు. మోకాలు పట్టేసిన దగ్గర్నుంచి నేను కిందికి దిగింది ఆస్పత్రికే. అదీ కుర్చీలో, నలుగురు మోస్తే. కింద టీ కొట్టు దగ్గర నా జట్టంతా కూర్చుని నవ్వుకుంటుంటే నేను బాల్కనీలో ఖైదీలా నిలబడి, "ఏమిటిరా, ఏమిటి?" అని అరుస్తుంటాను. వాళ్లు మళ్లీ చెప్పేసరికి జోకు చల్లారిపోతుంది.

కోడలు ఆఫీసు నుంచి వస్తూ చిన్న కాటా తెచ్చింది. అద్దం పలకలా ఉంది.

"వారానికి ఒక్కసారే ఎక్కండి మామయ్యా. పొద్దున లేవగానే, బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినక ముందు, అవే బట్టలతో. రోజూ ఎక్కొద్దని నర్సు మరీ మరీ చెప్పింది."

వారానికి ఒక్కసారా! లారీ లోపలికి వచ్చేటప్పుడు ఒక తూకం, బయటికి పోయేటప్పుడు ఒక తూకం. నిండు బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే సరుకు. నాకా తూకం నేర్పేది! వారానికి ఒకసారి తూచి ఉంటే మా యజమానికి గేటు కూడా మిగిలేది కాదు.

నా పద్ధతి: తినే ముందు ఒకటి. తిన్నాక ఒకటి.

బరువు: తొంభై కిలోలు. దించాల్సింది ఐదు. ఐదు కిలోలంటే ఎంత? ఇసుక లారీ మలుపు తిరిగితే రాలిపోయేంత. నెలెందుకు, పది రోజులు చాలు!

సోమవారం, మధ్యాహ్నం.

కనిపెట్టాను!

భోజనం చేసి ఎక్కాను. కిలోకి కొంచెం తక్కువ పెరిగింది. ఎక్కడిదా ఈ సరుకు అని ఒక్కొక్కటీ విడిగా తూచాను. రెండు గ్లాసుల నీళ్లు తాగి ఎక్కితే అర కిలో. నాలుగు బిస్కెట్లు తిని ఎక్కితే కాటా కదల్లేదు. ఇంకో రెండు తిన్నాను. అబ్బే, కదల్లేదు!

దొంగ దొరికాడు. నీళ్లు!

ఇన్నాళ్లూ ఇంట్లో అందరూ బిస్కెట్ల మీద పడి ఏడ్చారు. ఒక్కరైనా తూచి చూశారా?

మానేసేవి: నీళ్లు, పాలు, పుచ్చకాయ, కీర దోసకాయ, నారింజ. అన్నీ బరువు సరుకులు.
తినదగినవి: బిస్కెట్లు, చిప్స్, జీడిపప్పు, పఫ్‌లు. పఫ్‌లో సగం గాలే.

మంగళవారం.

ఎనభై తొమ్మిది! ఒక్క రోజులో కిలో!

బాల్కనీలోకి వెళ్లి అరిచాను. కింద మా జట్టులో మీసం అని పిలిచేవాడు ఉన్నాడు. ఒకప్పుడు లారీ డ్రైవరు. నిండు లారీ తూచేటప్పుడు సీట్లో దాక్కుని, ఖాళీ లారీ తూచేటప్పుడు చల్లగా దిగిపోయేవాడు, సరుకులో తన బరువు కూడా కలుస్తుందని. ప్రతిసారీ పట్టుకునేవాణ్ని. అలా దోస్తులమయ్యాం, వాడికి నేను 'కాటా'ని.

"ఒరేయ్ మీసం! కిలో దిగింది!"

"ఏ రోడ్డు మీద పారబోశావురా కాటా?"

"నవ్వు, నవ్వు. నెల తిరిగేసరికి నీ పక్కన కూర్చుని నీ టీ నేను తాగుతాను."

"టీలో నీళ్లుంటాయి, తూచుకుని తాగు!"

వాడికెలా తెలిసింది? మా ఆవిడ కూరగాయలకి దిగినప్పుడు చెప్పి ఉంటుంది.

తాడు కట్టి బుట్ట వదిలాను. టీ కొట్టతను చిప్స్ పొట్లం వేశాడు. లాగుతుంటేనే చేతికి తెలిసింది, వంద గ్రాములు లేదు. దిగులు లేకుండా తిన్నాను.

గురువారం.

ఎనభై ఎనిమిదిన్నర. తల కొంచెం తిరుగుతోంది. తేలికవుతున్నాను కాబట్టి తిరుగుతుంది మరి.

ఆవిడ నీళ్ల గ్లాసు పట్టుకుని వెనకాలే తిరుగుతోంది. "పెదాలు పగిలిపోయాయి, ఒక్క గుక్క తాగండి."

"ఒక్కో గ్లాసు పావు కిలో! నన్ను ముంచుదామనా?"

"మునగడానికైనా కిందికి దిగాలిగా" అని వెళ్లిపోయింది. దీనికి నోరు ఎప్పుడు వచ్చిందో!

శనివారం.

రాయకూడదు గానీ రాస్తున్నాను. మూడు రోజులుగా లారీ ఖాళీ కాలేదు. గేటు పడిపోయింది. కడుపు రాయి. పొద్దున్నుంచి చెమటలు.

ఆవిడ మందుల షాపుకి దిగి ఏదో పొడి తెచ్చింది. పెద్ద చెంబుతో నీళ్లలో కలిపి, తాగేదాకా ఎదురుగా నిలబడింది. తరవాత ఇంకో చెంబు. నేను లెక్కపెట్టడం మానేశాను.

సాయంత్రం దారి తెరుచుకుంది. ప్రాణం లేచి వచ్చింది. కాటా ఎక్కాను.

తొంభై పాయింటు రెండు!!

మోసం.

ఆదివారం.

కాటా మీద అనుమానం వచ్చింది. సీలు తీయని పది కిలోల బియ్యం సంచీ దాని మీద పెట్టించాను. పది చూపించింది. వంట గది, వసారా, బాత్‌రూమ్, అన్ని చోట్లా ఎక్కి చూశాను. అంతటా ఒకటే మాట. ఆఖరికి మంచం పక్కనున్న మందపాటి తివాచీ మీద పెట్టి ఎక్కితే ఎనభై ఎనిమిది.

తివాచీ మీద కాటా కుంటుతుందని నాకు తెలుసు. మెత్తటి నేల మీద కాటా పెట్టినవాడికి నేనే చీవాట్లు పెట్టాను ఒకప్పుడు. అయినా ఎనభై ఎనిమిదే రాసుకున్నాను. మనిషికి ధైర్యం కూడా ముఖ్యం.

బుధవారం.

తివాచీ మీద కూడా తొంభై!

ఇవాళ పద్ధతి మార్చాను. కళ్లజోడు తీశాను. వాచీ తీశాను. అంకె కనబడక మళ్లీ కళ్లజోడు పెట్టుకున్నాను. పళ్ల సెట్టు తీశాను. సెట్టు తీస్తే బరువూ తగ్గుతుంది, తినడమూ తగ్గుతుంది, రెండు లాభాలు. ఇంతలో బుట్టలో వేడి వేడి పఫ్‌లు వచ్చాయి. సెట్టు పెట్టుకున్నాను.

గోడకి చెయ్యి ఆనిస్తే కిలో తగ్గుతోంది. తలుపు గొళ్లెం పట్టుకుంటే కిలోన్నర. కోడలు చూసింది.

"మామయ్యా, గొళ్లెం ఎందుకు పట్టుకున్నారు?"

"పడతానేమోనని."

"అరంగుళం ఎత్తు నుంచా?"

ఆఫీసుకి వెళ్లే ఆడవాళ్లతో మాట్లాడి గెలవలేం.

శుక్రవారం.

కాటా చచ్చిపోయింది. అంకె రాలేదు. బ్యాటరీ అట. ఏడాది వస్తుందన్నది మూడు వారాలు రాలేదు. "పొయ్యి కూడా రోజుకి మూడుసార్లే వెలిగిస్తాను. దాన్ని నిమిషం ఊపిరి తీసుకోనిచ్చారా?" అంది ఆవిడ.

సాయంత్రం బాల్కనీలో ఇద్దరం కూర్చున్నాం. తను వీధి వైపు చూస్తూ, "పార్కు దాకా నడిచి ఎన్నాళ్లయిందో" అంది.

"నువ్వు వెళ్లు. నీ కాళ్లకేం, బాగానే ఉన్నాయిగా."

"ఒక్కదాన్నే వెళ్లి బెంచీలు లెక్కపెట్టనా?"

లోపలికి వచ్చి నిజంగా ఇవాళ్టి నుంచి గట్టిగా ఉండాలనుకున్నాను. అలా అనుకుంటే నీరసం వచ్చింది. జీడిపప్పు గుప్పెడు తిన్నాను. కాటా లేదు కాబట్టి ఎంత పెరిగిందో తెలియదు. తెలియనిది పెరిగినట్టు కాదు.

మంగళవారం. ఆస్పత్రి.

నెల గడువు ముగిసింది. పొద్దున్నే జట్టులోంచి నలుగురు వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తారు. ముందు కాళ్ల దగ్గర మీసం.

"ఒరేయ్ కాటా, లోడు పెరిగిందిరా!"

"ముసలాడివయ్యావు, నీ చేతుల్లో పస తగ్గింది. దించు మాటలు, ఎత్తు కుర్చీ."

మలుపు దగ్గర ఒక్క క్షణం గోడకి గుద్దారు. ఆవిడ వెనక నుంచి, "మెల్లగా నాయనా, మెల్లగా" అంటూనే ఉంది. కొత్త చీర కట్టుకుంది. ఆపరేషన్ తేదీ ఇస్తారని.

ఆస్పత్రి కాటా పెద్దది, నేలకి బిగించి ఉంది. ఎక్కాను. పక్కనే నర్సమ్మ బల్ల. చెయ్యి దానంతట అదే వెళ్లి బల్ల అంచు మీద ఆనింది.

"తాతగారూ, చెయ్యి తీయండి."

నా జన్మలో ఎంతమందికి చెప్పానో ఆ మాట! "దిగు. కాలు తీయి. తాడు వదులు." అందరినీ పట్టుకున్నవాణ్ని, నన్ను పాతికేళ్ల పిల్ల పట్టుకుంది. చెయ్యి తీశాను.

తొంభై రెండు.

నర్సమ్మ కూర్చోబెట్టి, "ఏం చేశారు తాతగారూ, మొత్తం చెప్పండి" అంది. చెప్పాను. లారీ కాటా, మీసం డ్రైవరు వేషాలు, ముందు తూకం, తరవాత తూకం, నీళ్లు అర కిలో, బిస్కెట్లు సున్నా, అన్నీ. గర్వంగానే చెప్పాను. లెక్క తప్పు కాదు కదా.

ఆమె నవ్వు ఆపుకోవడానికి పెన్ను మూత కొరికింది. తరవాత చెప్పింది.

"నీళ్లు మీ లారీలో డ్రైవరు లాంటివి తాతగారూ. ఎక్కుతాడు, దిగుతాడు. పొద్దున ఒక బరువు, సాయంత్రం ఒక బరువు కనిపించేది అందుకే. ఒంట్లో మిగిలిపోయే సరుకు చిప్స్, పఫ్‌లు. మీరు డ్రైవర్ని తరిమేసి సరుకు నింపుకున్నారు."

బయట గుమ్మం దగ్గర మీసం గట్టిగా నవ్వాడు. వాడికి ఆ హక్కు ఉంది.

"అందుకే వారానికి ఒక్కసారి ఎక్కమన్నాను. రోజూ ఎక్కితే డ్రైవర్ని చూసి సంబరపడతారు, డ్రైవర్ని చూసి ఏడుస్తారు."

డాక్టరు కాగితం చూసి, "సరే, ఎండాకాలం దాటాక చూద్దాం" అన్నాడు. మాట పడే మనిషిని కాదు నేను. ఇవాళ మాత్రం ఒక మాట పడదామనే కూర్చున్నాను. వాడు తరవాతి పేషెంటుని పిలిచాడు.

ఆవిడ ఇంటికొచ్చి కొత్త చీర మడత పెట్టి బీరువాలో పెట్టేసింది. రెండు తిట్లు తిడితే బాగుండేది.

సోమవారం.

మళ్లీ మొదలు. ఈసారి నర్సమ్మ పద్ధతి.

లేవగానే, బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చి, ఏమీ తాగకుండా, లుంగీ బనీనుతో, గట్టి నేల మీద, చేతులు రెండూ కిందికి వేలాడేసి ఎక్కాను. కొత్త బ్యాటరీ వేశారు.

తొంభై ఒకటిన్నర. నిజం తూకం. రాశాను.

ఇక వచ్చే సోమవారం దాకా కాటా ఎక్కను. బుట్ట తాడు విప్పి కోడలి చేతికి ఇచ్చేశాను. నీళ్లు తాగుతాను. కాలు చాచి ఎత్తే వ్యాయామం నర్సమ్మ చూపించింది, అది చేస్తాను. రెయిలింగ్ పట్టుకుని ఒకటి రెండు మెట్లు దిగి ఎక్కమంది, అదీ చేస్తాను.

సోమవారం, సాయంత్రం.

ఎక్కలేదు! కానీ ఖాళీ కాటా ఎదురుగా ఉంటే నాకు చేతులు ఊరుకోవు. ఇస్త్రీ పెట్టె తూచాను. కోడలి ఆఫీసు సంచీ తూచాను. ఆ పిల్ల రోజూ నాలుగు కిలోలు మోస్తోంది, అందులో ఏముందో దేవుడికి తెలియాలి. దిండు తూచాను. తూచడానికి ఇంట్లో ఇంకేమీ మిగల్లేదు.

"ఏమే, ఒకసారి ఇలా రా. ఎక్కు."

"నేనెందుకండీ?"

"ఎక్కమంటుంటే."

ఎక్కింది. పిట్ట వాలినట్టు ఎక్కింది. కిందికి చూసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

"నలభై తొమ్మిది! ఏమండీ, మీ మోకాలు పట్టేసిన రోజుల్లో మందుల షాపులో ఎక్కితే యాభై నాలుగున్నాను. కూరగాయలకో పరుగు, మందులకో పరుగు, పొడికో పరుగు. పథ్యం మీరు చేశారు, తగ్గింది నేను!"

నేను నవ్వలేదు. డాక్టరు అడిగిన ఐదు కిలోలు ఈ ఇంట్లో తగ్గనే తగ్గాయి. మనిషి వేరు, అంతే.

దాని మణికట్టు చూశాను. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ప్రతి లారీలో ఎంత ఉందో కంటితో చెప్పేవాణ్ని, రోజూ ఎదురుగా తిరిగే మనిషిని చూడలేదు.

వచ్చే సోమవారం ఇద్దరం ఎక్కుతాం. ఆవిడది పెరగాలి. నాది తగ్గాలి. రేపు కూరగాయలకి తను దిగేటప్పుడు నేనూ రెండు మెట్లు దిగి అక్కడే కూర్చుంటాను. తిరిగొచ్చేటప్పుడు ఆ రెండు మెట్లూ సంచీ నేను మోస్తాను.

మిగిలిన బిస్కెట్ల పొట్లం తీసుకెళ్లి ఆవిడ ముందు పెట్టాను. "తిను. ఒళ్లు చేయి." ఒక్కదాన్నే తినలేనంది. తోడుగా నేనూ ఒకటి తిన్నాను.

రేపటి నుంచి తోడు మెట్ల మీదే.