బాబాయి మేడ మీది మిరప

నాన్నా,

నువ్వు పోగానే మన మిరప చేను పట్టుబట్టి అమ్మించిన నీ తమ్ముడు ఇప్పుడు సత్తెనపల్లిలో మేడ మీద తోట మొదలుపెట్టాడు. ఏనాడూ చేలో కాలు పెట్టని మనిషి చేతులకు గ్లౌజులు తొడుక్కుని, పది మిరప మొక్కల పక్కన ఫొటోలు దిగుతున్నాడు.

నీ జ్ఞాపకార్థ ప్రార్థనకు పిలవడానికి వెళ్తే నన్ను పైకి తీసుకెళ్లాడు.

"సేద్యమంటే ఇదిరా. మీ నాన్న ఊరికే మట్టిలో పొర్లాడు" అన్నాడు. ఆ వెంటనే, "ఏరా, ఈ ఆకులెందుకు ముడుచుకుపోతున్నాయి?" అని అడిగాడు.

చూడగానే నాకు తెలిసిపోయింది.

"ఏమో బాబాయ్, ఫోన్లో చూసుకో" అన్నాను.

ఆయన టీ చెప్పడానికి కిందికి దిగాక చేతిరుమాలు తడిపి, నువ్వు నేర్పినట్టే ఆకులు తిరగేసి, అడుగున పట్టిన సన్న పురుగునంతా తుడిచాను. ఆయన కోసం కాదు నాన్నా. మిరప అలా ముడుచుకుపోతుంటే చూస్తూ నిలబడలేకపోయాను.