దిష్టిబొమ్మ మీద ఆగిన చూపు

శ్రావణి తాతా,

మన మనవరాలు శ్రావణి ఈ రోజు డాక్టరేటు పరీక్ష పాసైంది. ముందే చెబుతున్నాను, నువ్వు కంగారుపడకు. పడాల్సిందంతా నేనే పడ్డాను.

మనిషి కన్ను మొదట దేనిమీద పడుతుందో కంప్యూటరుకు నేర్పడమే దాని చదువు. ఇన్నేళ్ల కష్టాన్ని సార్లు కాదంటారేమోనని పొద్దుటి నుంచి నాకు ముద్ద దిగలేదు. నువ్వుంటే ముందు కుర్చీలో కూర్చునేవాడివి. నేను తలుపు పక్కన కూర్చున్నాను.

కొండాపూర్‌లో కడుతున్న భవనం ఫోటో తెరమీద పెట్టింది. అన్ని అంతస్తులున్నా కంప్యూటరు చూపు వెళ్లి దిష్టిబొమ్మ మీదే ఆగింది.

"అదెందుకమ్మా కడతారు?" అని ఒక సారు అడిగాడు. నేను కుర్చీ అంచుకు జరిగాను.

"మా తాత మేస్త్రీ సార్. చూసేటోళ్ల కన్ను ఫస్ట్ బొమ్మ మీద పడాలె, ఇంటి మీద పడొద్దని కట్టెటోడు. చిన్నప్పుడు నవ్వేదాన్ని. ఇప్పుడు గదే చదువుతున్న."

సార్లంతా నవ్వారు.

బయటికొచ్చి "పాసైన నానమ్మా!" అంది.

"మళ్ల పరీక్షకు పిలుస్తరా ఏంది?"

"పిలువరే! ఇగ ఫికర్ బంద్ చెయ్యి."

ఆటోలో హఫీజ్‌పేట్ దాకా కొత్త భవనాల దిష్టిబొమ్మలే చూస్తూ వచ్చాను. నువ్వు కట్టినవి ఒక్కటీ లేవు. గడప దాటిన ప్రతిసారీ నన్ను తొలిచే, గ్యాస్ ఆపానో లేదో అన్న సంగతే ఇంటి తాళం తీసేదాకా నాకు గుర్తు రాలేదు.